అగ్గిపుల్ల వేగం

కాలరు అయింది. భుజం పట్టీ అయింది. చొక్కా కుడి చేతిని బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టె ఆనించేసరికి పొడుగమ్మ నోట్లో ఆ పాట మళ్లీ అందుకుంది. పాటంటే మాటలున్న పాట కాదు. టకట-టక-టక, టకట-టక-టక అంటూ పళ్ల సందుల్లోంచి వచ్చే చప్పుడు. ఏడేసి దెబ్బల చొప్పున అది ఒక చుట్టు తిరిగొచ్చేలోపు చొక్కా చెయ్యి ఒకటి నున్నగా అయిపోవాలి, అది ఆవిడ పద్ధతి. పాట తప్పితే మడత తప్పుతుంది. మడత తప్పితే ఆ పూటంతా ఆవిడకి మనసు మనసులో ఉండదు.

లాండ్రీ వెనక గది అది. ముందు గదిలో గాజుబల్ల, పూలకుండీ, నవ్వుతూ మాట్లాడే అమ్మాయి ఉంటారు గానీ వెనక మాత్రం ఆవిరి, తడి నూలు వాసన, గోడ పొడుగునా వేడినీళ్ల గొట్టాలు. మూడు బల్లల్లో కిటికీ పక్కది పొడుగమ్మది. ఆవిడ ఎత్తుకి తగ్గట్టు దాని కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టించారు. ఇంకెవరైనా ఆ బల్ల దగ్గర పని చెయ్యబోతే మోచేతులు ఆకాశంలో ఉంటాయి. ఏళ్ల తరబడి ఇస్త్రీపెట్టె నొక్కీ నొక్కీ ఆవిడ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. ముంజేతి మీద పాత కాలిన మచ్చ ఒకటి నున్నగా మెరుస్తుంటుంది. అసలు పేరు అడిగితే మొగుడు కూడా ఒక్క క్షణం ఆలోచించుకోవాలి. అందరికీ ఆవిడ పొడుగమ్మే.

ఇవాళ మధ్యాహ్నానికల్లా పని దించుకోవాలి. రిపేరు షాపాయన నిన్న కబురు పెట్టాడు, రికార్డ్ ప్లేయరు పలుకుతోందని. ఇవాళ సాయంత్రం పొట్టి వాళ్ల అన్నయ్య కారేసుకుని వస్తున్నాడు, పొట్టిని తన ఊరు తీసుకుపోవడానికి. ఈ రెండింటి మధ్యా ఉన్నది ఒక్క పూట. ఆ పూటలో ఆ రికార్డుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి వినాలి. అంతకు మించి పొడుగమ్మ ఈ రోజుని ఏమీ అడగలేదు. అది మాత్రం జరక్కపోతే ఆవిడ ఎప్పటికీ మర్చిపోదు.

పొట్టి అంటే కాలేజీ స్నేహితురాలు. పొడుగమ్మ కాలేజీ చదువు ఒక్క సంవత్సరం ముచ్చటే. హాస్టల్ వార్డెన్‌కి ఏం సరదా పుట్టిందో గానీ, తరగతి మొత్తంలోకీ పొడుగుపిల్లనీ, తరగతి మొత్తంలోకీ పొట్టిపిల్లనీ ఏరి తెచ్చి ఒకే గదిలో పడేసింది. ఇద్దరూ కలిసి వరండాలో నడిచొస్తుంటే నవ్వని వాళ్లు లేరు. రెండో రోజుకే వీళ్లు ఒకర్నొకరు "ఒసేయ్ పొట్టీ", "ఏమే పొడుగూ" అని గొంతెత్తి పిలుచుకోవడం మొదలెట్టారు. దాంతో నవ్వేవాళ్లకి పని లేకుండా పోయింది.

ఆ రికార్డు పొట్టిది. ఒక ఆదివారం పాతసామాన్ల దుకాణానికి గొడుగు కొనుక్కుంటానని వెళ్లి, గొడుగు మానేసి అది కొనుక్కొచ్చింది. తడిసి ముద్దయి వచ్చింది గానీ రికార్డుని మాత్రం కోటు లోపల పెట్టుకుని పొడిగా తెచ్చింది. ఏముందే అందులో అంటే, ఏమో, అట్ట బావుంది అంది. ఇసకలో ఒంటరిగా ఒక కుర్చీ, దాని వీపు మీద ఎవరో వదిలేసి వెళ్లిన తువ్వాలు. అంతే బొమ్మ. అక్షరాలేమో ఇద్దరికీ రాని భాషలో ఉన్నాయి. వినడానికి ప్లేయరు కావాలి కదా, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు వాళ్ల అన్నయ్య పెట్టెప్లేయరుని చెప్పాపెట్టకుండా ఎత్తుకొచ్చేసింది. అలాంటి మనిషి.

రికార్డు మీద మొదటిసారి ముల్లు పెట్టినప్పుడు పొడుగమ్మ కిటికీ దగ్గర తడిబట్టలు ఆరేస్తోంది. గిటారు పరుగు అందుకుంది. దాన్ని తరుముకుంటూ డ్రమ్ములు వచ్చాయి. ఈ రెండింటి నెత్తి మీద ఏదో సన్నటి వాయిద్యం, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా, ఎక్కడికో ఎక్కుతూ పోయింది. అంతవరకూ ఆ అమ్మాయి విన్నవన్నీ ఎవరో ఒకరు పాడే పాటలు. ఇక్కడ పాడేవాళ్లే లేరు. అయినా అందరూ ఏదో చెబుతున్నారు, అదీ ఒకేసారి, ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ. చేతిలో తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్లు కారి కారి పొట్టి రాసుకున్న చరిత్ర నోట్సంతా అలుక్కుపోయింది.

"ఇదంతా ఎవరికోసం వాయించారే?" అని అడిగింది చివరికి.

"మనకోసమే," అంది పొట్టి. నోట్సు సంగతి ఆ అమ్మాయీ చూసుకోలేదు.

పక్క గదిలో ఉండే సీనియరు గోడ మీద కొట్టి, దీన్ని జాజ్ రాక్ అంటారు, మీకు అర్థమయ్యే వ్యవహారం కాదని తేల్చి చెప్పింది. అర్థం కాకపోతే పీడాపోయిందని వీళ్లు తలుపేసుకున్నారు. ఆ సన్నటి వాయిద్యం క్లారినెట్టని పొట్టి వాదన, కాదు ఏదో రకం పిల్లనగ్రోవని పొడుగమ్మ వాదన. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య కిలకిలమని ఒక చిన్నపిల్ల నవ్వు వినబడుతుంది. వాయించే చోటికి ఎవరి పిల్లో వచ్చి ఉంటుంది. ఆ నవ్వు రాగానే ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని తామూ నవ్వేవాళ్లు. మూడో పాట ఏడేసి దెబ్బలది. అంకెలు లెక్కపెడుతూ దువ్వెనతో బల్ల మీద కొట్టీ కొట్టీ పొడుగమ్మ దాన్ని ఒంట్లోకి ఎక్కించుకుంది. పేరు తెలీదు కాబట్టి మొత్తానికి ఆ రికార్డుకి కుర్చీ పాటలని పేరు పెట్టేసుకున్నారు.

ఆ ఏడు చివర పొడుగమ్మ తండ్రికి కాళ్లు పడిపోయాయి. ఇంటికి పెద్దది కావడంతో పెట్టె సర్దుకుని వచ్చేసింది, లాండ్రీలో చేరింది. చదువు పోయిందని ఏడ్చిన మాట నిజమే. ఆ ఏడుపు ఎక్కువ కాలం నిలవలేదన్న మాటా నిజమే. తడిసి ముడతలు పడి వచ్చిన గుడ్డ తన చేతి కింద నున్నగా, వెచ్చగా, మడత మీద మడతగా మారుతుంటే ఆవిడకి అదో హాయి. లాండ్రీ వ్యాను నడిపే కుర్రాణ్ని పెళ్లి చేసుకుంది. ఒక కూతుర్ని కని, పెంచి, పెళ్లి చేసి పంపింది. మొగుడు ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చుని టొమాటో మొక్కలు పెంచుతూ, నాకున్న సవతి ఆ టకటక పాటొక్కటేనని వచ్చేపోయేవాళ్లతో వేళాకోళమాడుతుంటాడు. సవతి ఆడవాళ్లకి కదండీ ఉండేది అని ఎవరైనా అంటే, నా ఇంట్లో అన్నీ తిరకాసే అంటాడు.

పొట్టి చదువు పూర్తిచేసి, నీళ్ల సరఫరా ఆఫీసులో చేరి, పెళ్లి మాటెత్తిన వాళ్లందరినీ నవ్వించి పంపేసి, మూడో అంతస్తులో ఒక గది తీసుకుని ఉండిపోయింది. సెలవురోజు మధ్యాహ్నం పొడుగమ్మ అక్కడికి వెళ్లడం, కుర్చీ పాటలు రెండు వైపులా వినడం, టీ తాగి రావడం. ఇది ఎన్నేళ్లు సాగిందో వాళ్లే లెక్కపెట్టలేదు. మధ్యలో ప్లేయరు మూగబోయింది. బాగుచేసేవాళ్లు దొరకలేదు. అయినా సెలవురోజు మధ్యాహ్నాలు ఆగలేదు. ఒకావిడ బల్ల మీద చెంచాలతో డ్రమ్ములు వాయిస్తే, ఒకావిడ నోటితో క్లారినెట్టో పిల్లనగ్రోవో, అదేదో వాయించేది. కిందింటివాళ్లకి వీళ్ల సంగతి అలవాటైపోయింది.

మొన్న చలికాలంలో పొట్టికి గుండె మొరాయించింది. మూడంతస్తులు ఎక్కడం దిగడం ఇక కుదరదన్నారు. ఒంటరిగా ఉండటం అసలే కుదరదన్నారు. అన్నయ్యది మెట్లు లేని ఇల్లు, దూరం చాలా ఉంది. ఆ మాట చెప్పిన రోజున పొడుగమ్మ అలమర మీంచి ప్లేయరు దించి, దుమ్ము తుడిచి, చంకన పెట్టుకుని బయల్దేరింది. ఊరంతా అడిగి అడిగి, స్టేషను వెనక సందులో ముసలి రిపేరు షాపాయన్ని పట్టుకుంది. మోటారుకి బెల్టు ఎక్కడో దూరం నుంచి రావాలన్నాడాయన. ఆ బెల్టు వచ్చేసరికి నిన్నటిరోజయింది.

మేనేజరు పొద్దున్నే హోటలు బల్లగుడ్డలు గంపెడు తెచ్చి పడేశాడు. అవి అయితే గానీ సగం రోజు సెలవు లేదన్నాడు. పొడుగమ్మ గంపని బల్ల పక్కకి లాక్కుంది. పెట్టె అందుకుంది. పాట వేగం పెంచింది. పక్క బల్ల అమ్మాయి తన పని ఆపేసి చూస్తూ నిలబడింది. ఆవిడ చెయ్యి జోరు ఆ లాండ్రీలో పేరుమోసిన విషయం. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు చూపించేది అదే. గుడ్డ పరిచిన అలికిడి, పెట్టె పోయిన జాడ, మడత పడిన చప్పుడు, అన్నీ ఆ ఏడు దెబ్బల్లో ఇమిడిపోయేవి. మధ్యాహ్నం కాకముందే గంప ఖాళీ అయింది. మేనేజరు ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూసి, వంక దొరక్క, వెళ్లిరా అక్కా అన్నాడు.

రిపేరు షాపాయన దగ్గర పని చప్పున తేలలేదు. చేసిన పని అంతా చెప్పుకుంటే గానీ వస్తువు చేతికివ్వని రకం ఆయన. మోటారు బాగుందట, బెల్టు మార్చాడట, మీట కింద అగ్గిపుల్ల ఒకటి ఇరుక్కుని ఉంటే ఊడబెరికాడట. ఇప్పుడు మీట అటూ ఇటూ కదులుతుందట. రికార్డుల్లో పెద్ద ప్లేటుకి ఇటు, చిన్న ప్లేటుకి అటు అని రెండుసార్లు చూపించాడు. పొడుగమ్మ కళ్లు ఆయన భుజం మీదుగా రోడ్డు మీదికి వచ్చిన బస్సు మీద ఉన్నాయి. సరే బాబుగారూ, సరే, అంటూ పెట్టె ఎత్తుకుని పరుగెత్తింది. ఆవిడ అడుగుకి మామూలు మనుషుల రెండడుగులు. బస్సు దొరికింది.

మూడంతస్తులూ ఆ బరువుతో ఆగకుండా ఎక్కింది. పొట్టి మంచం అంచున కూర్చుని ఉంది. ప్రయాణం బట్టలు కట్టుకుంది, జుట్టు దువ్వుకుంది, బూట్లు కూడా వేసుకుంది. గోడలు బోసిగా ఉన్నాయి. సంచులు తలుపు దగ్గర వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముఖం కాస్త ఉబ్బింది గానీ కళ్లు మాత్రం ఎప్పటి కళ్లే. ఒళ్లో రికార్డు అట్ట పట్టుకుని ఉంది.

"ఆలస్యం చేశావే," అంది.

పొడుగమ్మ కాలితో సంచులు పక్కకి జరిపి లోపలికొచ్చింది. ప్లేయరు బల్ల మీద పెట్టి, తీగ తగిలించి, రికార్డు తుడిచి, ముల్లు దించి, వచ్చి పక్కన కూర్చుంది. మంచం కిర్రుమంది. ఇద్దరూ అలవాటుగా కళ్లు మూసుకున్నారు.

వచ్చింది వాళ్ల పాట కాదు. లావుగా, బరువుగా, కాళ్లీడ్చుకుంటూ ఏదో వచ్చింది. గిటారుకి నిద్ర వదల్లేదు. డ్రమ్ములు తీరిగ్గా ఒక్కోటీ ఆలోచించుకుని పడుతున్నాయి. ఇద్దరూ ఒకేసారి కళ్లు తెరిచారు.

"ఏం పెట్టావే ఇది?"

కుర్చీ పాటలేనని పొడుగమ్మ చెప్పింది. కాదు పొమ్మంది పొట్టి. లేచి చూశారు, అదే రికార్డు, అదే గీత, అదే లేబులు. పొడుగమ్మకి ఒళ్లు మండిపోయింది. పాడుచేసి ఇచ్చాడు, నిక్షేపంలాంటి దాన్ని పాడుచేసి ఇచ్చాడు, వీడి చేతులు పడిపోను అని రిపేరాయన్ని తిడుతూ, ముల్లు ఎత్తబోతుండగా ఆవిడ చెయ్యి మీటకి తగిలింది. మీట టక్కున రెండో వైపు పడింది. పాట ఎగిరి దూకింది. గిటారు పరుగు, డ్రమ్ముల తరుము, నెత్తి మీద సన్నటి వాయిద్యం. అమ్మయ్య అని ఇద్దరూ కూలబడ్డారు.

కాస్సేపు విన్నాక పొట్టి నొసలు ముడేసింది. ఏదీ, మళ్లీ ఆ వైపు తిప్పు అంది. తిప్పితే బరువుపాట. ఈ వైపు తిప్పితే పరుగుపాట. అప్పుడు పొడుగమ్మకి రిపేరాయన చెప్పింది, తను వినీ వినకుండా తలూపింది, అక్షరం అక్షరం గుర్తొచ్చింది. పెద్ద ప్లేటుకి ఇటు, చిన్న ప్లేటుకి అటు. మీట కింద అగ్గిపుల్ల.

"అన్నయ్య పనే," అంది పొట్టి నెమ్మదిగా. "వాడి దగ్గర ఉన్నవన్నీ జోరుగా తిరిగే చిన్న ప్లేట్లే, మనదేమో పెద్దది. మీట జారుతోందని పుల్ల దూర్చుంటాడు."

"అంటే మనం?"

"ఇన్నేళ్లూ తప్పు వేగంలో విన్నామే పొడుగూ."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు మొదలెట్టారో తెలీదు గానీ, నవ్వు పట్టుకుంది. ఆగిందనుకుంటే మళ్లీ వచ్చింది. పొట్టి గుండె మీద చెయ్యేసుకుని, నవ్వించకే, డాక్టరు వద్దన్నాడు అంటూనే నవ్వింది. మీ లాండ్రీ వాళ్లు నీ చేతి జోరు గురించి గొప్పలు పోతారే, అదంతా మా అన్నయ్య అగ్గిపుల్ల మహిమని చెప్పు వాళ్లకి అంది. పొడుగమ్మ కళ్లు తుడుచుకుంటూ తన కుడిచెయ్యి వంక చూసుకుంది. జీవితమంతా ఆ చెయ్యి ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తింది. తరిమింది ఇంతోటి అగ్గిపుల్ల.

కిటికీలో ఎండ పక్కింటి గోడ దాకా వాలింది. పొడుగమ్మ గడియారం చూసుకుని మీట తమ వైపు తిప్పబోయింది. ఆ వేగంలో అయితే రెండు వైపులూ కారు వచ్చేలోపు అయిపోతాయి. ఈ నెమ్మది వేగంలో అయితే అవ్వవు, చివర మిగిలిపోతుంది. పొద్దుట్నుంచీ ఆవిడ పడిన ఆరాటమంతా చివరిదాకా వినడానికే. ఆ మాటే చెప్పింది.

పొట్టి తల అడ్డంగా ఊపింది. "మనది మనకొచ్చు కదే. కళ్లు మూసుకుంటే నాకు మొత్తం వినబడుతుంది. ఇది వినలేదు. ఇది పెట్టు."

పొడుగమ్మకి కష్టంగానే తోచింది. అయినా పెట్టింది.

మొదట మొదట ఒళ్లు ఒప్పుకోలేదు. ఆవిడ వేళ్లు మోకాలి మీద పాత వేగంలో పరుగెత్తి, ముందుకెళ్లి నిలబడి, వెనక వచ్చే పాట కోసం ఎదురుచూశాయి. తర్వాత ఎప్పుడో అలిసిపోయి పాటతో పాటు నడిచాయి. అప్పుడు కనబడింది, ఇన్నేళ్లూ తాము పరుగులో దాటిపోయినవి ఎన్ని ఉన్నాయో. గిటారు ఒక మాట అని ఆగేది. ఆ ఆగిన చోట పియానో ఏదో చిన్నగా సర్దిచెప్పేది. డ్రమ్ములాయన దెబ్బకీ దెబ్బకీ మధ్య రేకు మీద చీపురులాంటిదేదో గీరుతున్నాడు. సన్నటి వాయిద్యం సన్నటిదే కాదు. అది శాక్సఫోను. గుండెల్లోంచి తీసిన బొంగురు గొంతు, ఏడవడం అయిపోయాక మాట్లాడే మనిషి గొంతు.

"క్లారినెట్టూ కాదు, పిల్లనగ్రోవీ కాదు," అంది పొట్టి. "ఇద్దరం ఓడిపోయాం."

రెండో పాట అయింది. పిల్ల నవ్వు కోసం ఇద్దరూ తలలు వంచారు. నవ్వు వచ్చింది. కిలకిల కాదు. పెద్దమనిషి ఎవరో, వయసైన మగమనిషి, వాయించింది బాగా కుదిరిందని తనలో తాను తృప్తిగా నవ్వుకున్నాడు. వాళ్లతో పాటు హాస్టల్లో ఉండి, ప్రతి సెలవురోజూ వచ్చి నవ్విపోయిన ఆ పిల్ల ఇక లేదు.

"ఏదే మన పిల్ల?" అంది.

పొట్టి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పెద్దదైపోయిందిలే," అంది. ఆ మాటతో ఇద్దరికీ కళ్లనిండా నీళ్లొచ్చాయి. బాధ కాదది, బాధ లేకపోనూ లేదు. రికార్డు రెండో వైపుకి తిప్పేదాకా ఆ చెయ్యి పొట్టి వదల్లేదు.

రెండో వైపు సగంలో ఉండగా అన్నయ్య వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ, చేతిలో తాళాలతో గుమ్మంలో నిలబడి, అదేంటి, ఆ పాటకేమైంది, జబ్బు చేసిందా అన్నాడు. చెల్లెల్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా వినీ వినీ ఆయనకీ అది వచ్చు. పొట్టి సంగతి చెప్పింది. ఆయన మీట మీదికి వంగి, వేలితో తడిమి, కుర్రతనం నాటి దొంగతనం బయటపడ్డట్టు సిగ్గుపడ్డాడు. అవునే, నేనే దూర్చాను, ఇన్నాళ్లూ ఉందా అది అన్నాడు. పొట్టి, ఉండబట్టే కదా ఇంతవరకూ వచ్చాం అంది. ఆయన సంచి మీద కూర్చుని ఒక పాట మొత్తం విన్నాడు, తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో మూసుకుని.

పాట అయ్యాక లేచాడు. చీకటిపడితే తనకి దారి సరిగ్గా కనబడదని, చెల్లెలి వైపు కాకుండా పొడుగమ్మ వైపు చూసి చెప్పాడు. పాపం ఆయన తప్పేముంది. రెండు సంచులు తీసుకుని దిగాడు, మళ్లీ వచ్చి రెండు తీసుకుని దిగాడు. అప్పటికి ఆఖరిపాట మొదలైంది. అన్నిటికన్నా పొడుగుపాట అదే. పొడుగమ్మ లేచి గబగబా వెళ్లి మీట మీద చెయ్యేసింది. ఇటు తిప్పేస్తే చప్పున అయిపోతుంది, అయ్యాకే దిగొచ్చు అంది.

"వద్దే," అంది పొట్టి. ఆవిడ అప్పటికే నిలబడింది, బల్ల పట్టుకుని. "అవనివ్వకు. ఇంకా ఉండగానే వెళ్తాను."

పొడుగమ్మ చెయ్యి తీసేసింది. ప్లేయరూ రికార్డూ నీ దగ్గరే ఉంచుకో అంది పొట్టి, అవి అన్నయ్య ఇంట్లో మనవల పాలబడితే రెండు రోజులు కూడా బతకవట. కౌగిలించుకుంటే ఆవిడ తల ఎప్పట్లాగే పొడుగమ్మ గుండెల దగ్గరికి వచ్చింది. మళ్లీ కలుద్దామని ఎవరూ అనలేదు. కలవరని ఇద్దరికీ తెలుసు, ఒకరిముందు ఒకరు అబద్ధమాడే అలవాటు వాళ్లకి లేదు.

"నువ్వు దిగకు. చివర ముల్లు ఎవరో ఒకరు తియ్యాలిగా, లేకపోతే ప్లేటు గీరుకుపోతుంది."

అన్నయ్య భుజం ఆసరాతో ఒక్కో మెట్టే దిగుతూ వెళ్లింది. ఆ అడుగులూ, ఆఖరిపాటలో డ్రమ్ములూ చాలాసేపు కలిసి వినబడ్డాయి, తర్వాత డ్రమ్ములొక్కటే. పొడుగమ్మ కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి, ప్లేయరు గొంతు పెంచింది. కింద కారు తలుపు పడింది. పొట్టి పైకి చూడలేదు. కారు అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, తలుపు రేకు మీద నాలుగు వేళ్లతో కొడుతూ ఉండిపోయింది, పాట వేగంలోనే, నెమ్మదిగా. సందు చివర కారు మలుపు తిరిగేదాకా ఆ వేళ్లు ఆగలేదు.

పాట ఇంకా ఉంది. పొడుగమ్మ మంచం మీద కూర్చుని, మిగిలినదంతా ఇద్దరి వాటా తనే విన్నది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. కానీ ఆ ఏడుపు అడుగున తృప్తి ఒకటి ఉంది. పొట్టి ఇంకా రోడ్డు మీద పోతూ ఉంటుంది, దాని లెక్కలో పాట అవ్వలేదు. ఎప్పటికీ అవ్వదు. శాక్సఫోను చివరి స్వరం పట్టుకుని, విడవలేక విడవలేక విడిచింది. ముల్లు గరగరమంది. లేచి తీసింది.

ప్లేయరు మూత వేసింది. రికార్డు అట్టలో పెట్టింది. కిటికీ మూసింది. తాళం కిందింటావిడకి ఇవ్వాలి, మొగుడు అన్నానికి చూస్తూ ఉంటాడు, రేపు మళ్లీ పని ఉంది. పెట్టె ఎత్తుకుని తలుపు దగ్గరకి ఒకడుగు వేశాక, అలమర వెనక సందులో ఏదో కనబడి ఆగింది. ఎత్తుపీట. పై అరలు అందక పొట్టి ఎక్కే చెక్కపీట. పొడుగమ్మ ఉన్నప్పుడు దానితో పనేముంది, పైవన్నీ ఆవిడే అందిచ్చేది, అందుకే ఇన్నేళ్లలో ఆవిడ దాన్ని సరిగ్గా చూసిందే లేదు. కారులోకి ఎక్కించాలని ఎవరికీ తోచలేదు. వంగి వెలుతురులోకి లాగింది. పీట మీద ఆకుపచ్చ రంగు అంతా బాగానే ఉంది గానీ, నడిమధ్య రెండు చోట్ల మాత్రం అరిగి చెక్క తేలింది, పక్కపక్కన, చిన్న చిన్న పాదాలంత మేర.